మీకు తెలుసా? సున్నం చల్లితే కోళ్ల షెడ్డులో ఘాటు పెరుగుతుంది!

బ్రాయిలర్ షెడ్డులోకి అడుగు పెట్టగానే కళ్లు మండించే అమ్మోనియా రెట్టలోంచి నేరుగా రాదు. రెట్టలో ఉండేది యూరిక్ ఆమ్లం. కింద పరిచిన ఊక (లిట్టరు) తడిస్తే, అందులోని బాక్టీరియా ఆ ఆమ్లాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. అది ఊకలోనే ఉండాలా, గాలిలోకి లేవాలా అన్నది పీహెచ్ చేతిలో ఉంది. 7 కంటే తక్కువుంటే చాలావరకు అమ్మోనియం రూపంలో ఊకలోనే ఉండిపోతుంది. 8 దాటిందంటే జోరుగా పైకి లేస్తుంది.

లిట్టరు చెమ్మగిల్లితే మన రైతులు చాలామంది సున్నం చల్లి కలియతిప్పుతారు. పొడి సున్నం కొంత చెమ్మ పీల్చే మాట, క్రిముల్ని చంపే మాట నిజమే. కానీ అది క్షారం కదా! పీహెచ్‌ని పెంచి, అణిగి ఉన్న అమ్మోనియాను బయటికి తరుముతుంది. ఖాళీ షెడ్డులో పరదాలు తీసి చల్లితే ఇబ్బంది లేదు, పోయేదేదో పిల్లలు దిగకముందే పోతుంది. బ్రూడర్ కింద పిల్లలుండగా, పరదాలు మూసి చల్లితే మాత్రం వాటికి పొగ పెట్టినట్టే.

అమెరికాలో దీనికి ఎదురు దారి పట్టారు. అక్కడ ఒకే లిట్టరు మీద వరసగా ఎన్నో బ్యాచ్‌లు పెంచుతారు కాబట్టి బెడద మరీ ఎక్కువ. 1990లలో అర్కాన్సా రాష్ట్రంలో ఫిలిప్ మూర్ అనే శాస్త్రవేత్త లిట్టరులో అల్యూమినియం సల్ఫేట్ కలిపి చూశారు. మన పటికకు దగ్గరి చుట్టమది. నీటి శుద్ధి కేంద్రాల్లో వాడేదీ అదే. ఆయన ముందుగా చూసుకున్నది వాసన సంగతి కాదు, పొలానికి తోలిన కోళ్ల ఎరువులోని భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో చేరకుండా ఆపడం. భాస్వరం కట్టుబడింది, దాని ఆమ్ల గుణానికి పీహెచ్ దిగి అమ్మోనియా కూడా తగ్గింది. గాలిలో కలిసిపోవలసిన నత్రజని ఎరువులోనే మిగిలింది. సోడియం బైసల్ఫేట్‌ది కూడా ఇదే ఆమ్ల మార్గం. పిల్లల్ని దించే ముందు చల్లితే సుమారు 3, 4 వారాలు పనిచేస్తుంది. ఆపైన కొత్త రెట్టదే పైచేయి.

అమ్మోనియా 25 పీపీఎం మించకూడదని అంటారు. మించితే శ్వాసనాళంలోని సన్నని నూగు దెబ్బతిని ఈ-కోలై, కొక్కెర తెగులు సులువుగా సోకుతాయి. రోజూ షెడ్డులో తిరిగే మనిషి ముక్కుకు ఆ ఘాటు అలవాటైపోతుంది, దాన్ని నమ్ముకోలేం. పైగా పిల్ల పీల్చేది నేలకు జానెడు ఎత్తులోని గాలి.

గుప్పెడు లిట్టరు పిసికి వదిలి చూడండి. విడిపోతే సరే. ముద్దగానే ఉంటే పటిక సంగతి తర్వాత, ముందు ఏ నీటి నిపుల్ కారుతోందో వెతకండి.