ఇసుక మీద బండి

మన హాస్టల్లో చదివి వెళ్ళినవారిలో ఆటో, వ్యాను, ట్రాక్టరు తోలుకుని సంసారం నడుపుతున్నవారు చాలామంది ఉన్నారు. పరీక్షలు అయిపోగానే అరువు మోటార్‌సైకిలు మీద పేరుపాలెమో, ఓడలరేవో బయలుదేరే తమ్ముళ్ళూ ఉన్నారు. అందుకే ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాం.

కొన్నేళ్ళ కిందట మేము ఏడుగురం అంతర్వేది వెళ్ళాం. మాఘ పౌర్ణమికి ముందు రోజు. మాలో ఒకడు లోను మీద తీసుకున్న కొత్త ఆటో అది. (ఏడుగురం ఎక్కడమే తప్పు, అది వేరే సంగతి.) నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లి దిగి, మూడు గంటలకు సముద్రం దగ్గరకు చేరాం. నీరు బాగా వెనక్కి పోయి ఉంది. తడి ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటే, వశిష్ఠ గోదావరి కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు తోలుకుపోయి, నీటి అంచునే ఆపి స్నానాలకు దిగాం.

అయిదున్నరకు వచ్చి చూస్తే వెనక చక్రాలు సగం దిగబడి ఉన్నాయి. మావాడు రేజ్ చేసేకొద్దీ ఇంకా కిందకు పోయింది. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి, "ముందు ఇంజను ఆపండ్రా!" అని కేకేశాడు. చక్రాల ముందు ఇసుక చేతులతో తోడించి, కొబ్బరి మట్టలు పరిపించి, పడవ మోకు కట్టి పదిమంది చేత లాగించాడు. ఆటో దక్కింది. కానీ ఉప్పునీరు తాగిన బ్రేకులూ వైరింగూ రెండు నెలల్లో పాడయ్యాయి. రెండు కిస్తీలు తప్పాయి.

అలా ఎందుకైందో తర్వాత తెలుసుకున్నాం. పొడి ఇసుకలో రేణువులు జారిపోతాయి, చక్రం కూరుకుపోతుంది. కొంచెం తడి ఉంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బరువు మోస్తాయి. నీరు మరీ ఎక్కువైతే ఆ పట్టు వదిలిపోతుంది. పైగా వెనక్కి వెళ్ళే ప్రతి అలా ఆగి ఉన్న చక్రం చుట్టూ ఇసుకను కోసుకుపోతుంది. నది కలిసేచోట మరీ మోసం. పైన ఇసుక, కింద ఒండ్రు. చూస్తే తెలియదు.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణములకు పెద్ద పోటు. అంతర్వేది తీర్థంలో జనం సముద్ర స్నానాలకు దిగేది మాఘ పౌర్ణమికే కదా! కాబట్టి బయలుదేరేముందు క్యాలెండరులో తిథి చూడండి, ఒడ్డున జాలర్లను అడగండి. అడగడానికి నామోషీ పడకండి. మేము పడ్డాం.

కార్లవాళ్ళు కొందరు ఇసుక కోసం టైర్లలో గాలి 30 నుంచి 20కి తగ్గిస్తారు. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపకపోతే టైరు వేడెక్కి పేలవచ్చు. ఆటోకి, మోటార్‌సైకిలుకి ఆ ప్రయత్నాలు వద్దు, రోడ్డు దగ్గరే ఆపండి.

ఒడ్డు ఖాళీగా ఉందనుకోవడం మరో పొరపాటు. అది జాలర్ల పనిచోటు. వలల తాళ్ళు అడ్డంగా ఉంటాయి, చేపలు ఎండుతుంటాయి, అలల హోరులో పిల్లలకు హారను వినపడదు. జనవరి నుంచి మార్చి దాకా గోదావరి ముఖద్వారాల దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటకు రావడానికి నెలన్నర పైన పడుతుంది. చక్రం గాడిలో పడిన తాబేలు పిల్ల ఎక్కి రాలేదు.

కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మీద వెళ్ళేవారికి ఒక్క మాట. అది తారురోడ్డే అయినా తుఫాను రోజుల్లో అలలు రోడ్డెక్కి, రక్షణకు వేసిన రాళ్ళను కూడా దాని మీద పడేస్తాయి. ఆ రోజుల్లో పిఠాపురం మీదుగా పోవడమే మంచిది.

సముద్రం నుంచి వచ్చిన రోజే బండిని అడుగు నుంచి మంచినీళ్ళతో కడగాలి. మావాడు ఇప్పటికీ అంతర్వేదికి కిరాయిలు తోలుతున్నాడు. ఆటో గుడి దగ్గర ఆపేసి, ఎంత పెద్ద బేరమొచ్చినా "ఇక్కణ్ణుంచి నడకేనండి" అంటాడు.