పాత రైఫిల్‌కు గురి ఎక్కడి నుంచి వస్తుంది?

తర్లుపాడు, మార్కాపురం, గిద్దలూరు వైపు పాత రైఫిల్ అంటే త్రీనాట్‌త్రీయే. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ భుజాన, ఎన్నికల బందోబస్తులో జనం చూసింది దాన్నే, చూసి నవ్వుకున్నదీ దాన్నే. ఒక్కో గుండుకూ బోల్టు లాగి పేల్చే అదే తరం రైఫిళ్లు స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో తయారై దశాబ్దాలు గడిచినా, సరదాగా గురి చూసి కాల్చేవాళ్ల చేతుల్లో ఇప్పటికీ మన్ననలు అందుకుంటున్నాయి. మెచ్చుకునేవాళ్లంతా అక్కడి ఉక్కునూ పనితనాన్నీ మెచ్చుకుంటారు. ఆ ఘనతలో ఫ్యాక్టరీకి దక్కాల్సింది కొంతే. పెద్ద వాటా వాటితో సాధన చేసిన క్లబ్బులదీ, లెక్కగా చూసుకున్న ఆయుధాగారాలదీ అని నా వాదన.

స్వీడన్ సైన్యం 1896లో తీసుకున్న మౌజర్ ఎం-96నే చూడండి. దాని 6.5 మిల్లీమీటర్ల తూటాను స్వీడన్, నార్వేలు ఒకే రాజు కింద ఉన్న రోజుల్లో కలిసి రూపొందించాయి. బుల్లెట్ సన్నగా, పొడవుగా ఉండి గాలికి అంతగా పక్కకు పోదు. తన్ను కూడా తక్కువే కాబట్టి మధ్యాహ్నమంతా కాల్చినా భుజం నొప్పి పుట్టదు. చాలా రైఫిళ్ల మడమకు గుండ్రని ఇత్తడి బిళ్ల ఒకటి బిగించి ఉంటుంది. బ్యారెల్ లోపలి కొలత ఎంత, అది ఎంత అరిగింది, ఏ తూటాకు గురి ఎంత సవరించుకోవాలి అన్నవాటికి ఆయుధాగారం మిస్త్రీ దాని మీద గుర్తులు పెట్టేవాడు. తుపాకీ ఆరోగ్యం తుపాకీ మీదే రాసి ఉండటమన్నమాట! నార్వే వాడిన క్రాగ్ రైఫిల్‌ది కూడా ఇదే తూటా. కుడిపక్క చిన్న తలుపు తెరిచి అయిదు తూటాలు చేత్తో జారవిడవాలి, బోల్టు వెన్నలా కదులుతుంది. అయితే బోల్టును ముందు పట్టి ఉంచే లగ్ (గడియ పన్ను) ఒక్కటే కాబట్టి మందు ఎక్కువ దట్టించిన తూటాలు దానికి పనికిరావు. డెన్మార్క్ క్రాగ్ అందమైనదే కానీ దాని 8 మిల్లీమీటర్ల తూటా దొరకడమే కష్టం.

నా వాదనకు అసలు సాక్ష్యం ఫిన్లాండ్. 1917లో స్వతంత్రమైన ఆ దేశానికి జారు చక్రవర్తి సైన్యం వదిలిపోయిన మోసిన్-నాగాంట్ రైఫిళ్లు కుప్పలుగా దక్కాయి. రష్యాలో అవి మోటు సిపాయి తుపాకులే. ఫిన్లాండ్ వాటి రిసీవర్‌ను (బోల్టు ఆడే ఉక్కు గూడును) సొంతంగా ఎన్నడూ తయారుచేయలేదు. రష్యా రిసీవర్‌నే తీసుకుని, కొత్త బ్యారెల్ బిగించి, ట్రిగ్గర్ సరిచేసి, తన గురిసాధనాలు అమర్చుకుంది. అలా చేసిన ఎం-28-30 రైఫిల్‌తోనే, దుర్బీను లేకుండా, ఫిన్లాండ్ సైనికుడు సిమో హైహా 1939-40 శీతాకాల యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఎం-39 కాస్త బరువైనది, చేతిలో మరింత నిలకడగా ఉంటుంది. కొత్త బ్యారెల్ కూడా ఫ్యాక్టరీ సరుకే కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ బ్యారెల్ కావాలని పట్టుబట్టిందెవరు? స్వచ్ఛంద రక్షక దళమైన సుయోయెలుస్కుంతా. సభ్యులకు గురి పోటీలంటే ప్రాణం. నేడు ప్రపంచమెరిగిన సాకో కంపెనీ 1921లో మొదలైంది ఆ దళం వర్క్‌షాపుగానే. కాల్చేవాడు అడిగాడు, చేసేవాడు చేశాడు. ఈ రైఫిళ్లలో ఒకటే ఎంచుకోమంటే, కొత్తగా నేర్చుకునేవాడికి స్వీడన్ మౌజర్, చెయ్యి తిరిగినవాడికి ఎం-39 అంటాను.

మన త్రీనాట్‌త్రీ తక్కువదేమీ కాదు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఈ లీ-ఎన్‌ఫీల్డ్‌కు పది తూటాల మ్యాగజైన్, చకచకా ఆడే పొట్టి బోల్టు ఉన్నాయి. ఉత్తర కెనడా మంచులో గస్తీ తిరిగే రేంజర్లు 1947 నుంచి ఏడు దశాబ్దాలు లీ-ఎన్‌ఫీల్డ్‌నే నమ్ముకున్నారు. చివరికి దాని స్థానంలోకి వచ్చింది ఫిన్లాండ్‌కు చెందిన టిక్కా రైఫిల్ ఆధారంగా చేసినది కావడం తమాషా. మన దగ్గర మాత్రం సైన్యం తూటా జనం చేతికి చిక్కరాదన్న తెల్లదొరల భయం స్వతంత్రం వచ్చాకా చట్టంలో మిగిలిపోయింది. 1962 ఆయుధ నిబంధనలు .303, 7.62 బోర్ బోల్టు రైఫిళ్లనూ, పోలీసు .410 మస్కెట్‌నూ ప్రత్యేక ఆంక్షల జాబితాలో పెట్టాయి. లైసెన్సుదారుకు ఎక్కువగా దక్కేది .315 బోర్ రైఫిల్. ఎన్నికలొస్తే సాధారణంగా దాన్నీ స్టేషన్‌లో జమచేయాల్సి వస్తుంది. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి పరేడ్‌లో వీడ్కోలు పలికారు. క్లబ్బుకు చేరి రెండో జీవితం మొదలెట్టే దారి దానికి లేదు.

నల్లమల అంచున తుపాకుల మోత విని విసిగిన ఊళ్లకు, పులుల అభయారణ్యం పక్కన, ఇంకా రైఫిళ్లా అని ఎవరైనా అడిగితే తప్పుపట్టను. ఇంటింటికీ ఇమ్మని నేనూ అనను, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలోనూ లైసెన్సు లేనిదే ఎవరూ సొంతం చేసుకోలేరు. పెద్ద రైఫిల్‌కు వంద మీటర్లకు మించిన రేంజి, వెనక ఎత్తైన మట్టికట్ట, బాధ్యత తీసుకునే సంస్థ కావాలి. అవి మండలానికొకటి కట్టలేం. కానీ జిల్లాకొక రేంజిలో, తాళం పోలీసుల దగ్గరే ఉంచి, పనిచేసే స్థితిలో ఉన్న పాత త్రీనాట్‌త్రీలను అక్కడికి మళ్లిస్తే చట్టం ఉద్దేశానికి వచ్చే నష్టమేమిటో నాకు తోచదు. ఈలోగా ఉత్సాహమున్న పిల్లలు ఎన్‌సీసీలో చేరితే .22 రైఫిల్ పట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. దాని గుండు 4.5 మిల్లీమీటర్లే, సాధనకు ఒక పొడవాటి గది చాలు.