నట్టు ఎక్కడ బిగించాలి?

కారు ఏ దేశంలో తయారవ్వాలి, ఏ ఓడ ఎక్కాలి, ఏ ఊళ్లో దాని చక్రాలు బిగించాలి... వీటిని ఇంజినీర్లకన్నా ముందు కస్టమ్స్ పట్టిక తేలుస్తుంది.

2025 జులై 15న ముంబయి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో టెస్లా తన తొలి షోరూం తెరిచింది. షాంఘైలో తయారై సముద్రం మీదుగా వచ్చిన మోడల్ వై ధర 59.89 లక్షల రూపాయల నుంచి మొదలు. కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. అదేరోజు కియా కూడా కారెన్స్ క్లావిస్ ఈవీ ధర ప్రకటించింది, 17.99 లక్షల నుంచి. కియా మనదేశంలో తయారుచేసిన తొలి విద్యుత్ కారు అది. పుట్టిల్లు శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి. దాని గురించి మన పేపర్లలో కూడా లోపలి పేజీల్లోనే చదువుకున్నాం.

ఈ రెండు కార్లనూ పక్కపక్కన పెట్టడం న్యాయం కాదని కార్లు తెలిసినవాళ్లు అంటారు. నిజమే, దేని తరగతి దానిదే. అందుకే పోలికకు వేరే జంటను తీసుకుందాం. కియా ఈవీ6, హ్యుందాయ్ అయోనిక్ 5. కంపెనీలు రెండూ ఒకే కొరియా గ్రూపువి, కార్లు రెండూ ఒకే పునాది మీద కట్టినవి. 2022 జూన్‌లో ఈవీ6 ధర 59.95 లక్షలు. 2023 జనవరిలో అయోనిక్ 5 ప్రారంభ ధర 44.95 లక్షలు. బ్యాటరీలో కొంత తేడా ఉంది, హంగుల్లో కొంత తేడా ఉంది. అవన్నీ కలిపినా 15 లక్షల తేడాకు సరిపోవు. ఈవీ6 కొరియాలోనే పూర్తిగా తయారై ఓడ దిగింది. అయోనిక్ 5 విడిభాగాలుగా వచ్చి, చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో కారుగా మారింది. తేడాలో పెద్ద వాటా అక్కడిదే.

ఇక్కడే ఒక విచిత్రం. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్లు తీయగల సొంత ఫ్యాక్టరీ కియాకు ఉంది. సెల్టోస్, సోనెట్ అక్కడే పుడుతున్నాయి. అయినా ఈవీ6ను మాత్రం ఓడ మీదే తెచ్చింది. సుంకం కట్టడమే మేలనుకుంది!

పెట్టెల్లో వస్తే ఒక రేటు

మన కస్టమ్స్ వారి దృష్టిలో విదేశీ కారు మూడు రూపాల్లో వస్తుంది. పూర్తిగా తయారై వస్తే సీబీయూ. ఓడరేవుకు చేరేసరికి దాని విలువ 40 వేల డాలర్లు దాటితే మొత్తం సుంకం 110 శాతం. అంటే కారు ఒకటి కొని, ఇంకో కారు ఖరీదుకు మించి సర్కారుకు కట్టడమే. 40 వేల లోపైతే 70 శాతం. అదే కారు విడిభాగాల కిట్‌గా వస్తే సీకేడీ. అందులోనూ మళ్లీ మెలిక ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే బిగించి ఉంటే 35 శాతం, అవి కూడా విడివిడిగా వస్తే 15 శాతం. షోరూంలో చేరే జీఎస్టీ, రోడ్డు పన్ను వీటికి అదనం.

టెస్లా లెక్క చూడండి. తొలి విడతగా వచ్చిన మోడల్ వై కార్ల విలువను ఒక్కొక్కటీ దాదాపు 27.7 లక్షలుగా చూపారనీ, వాటిపై దిగుమతి పన్నులే 21 లక్షలు దాటాయనీ అప్పట్లో వార్తలొచ్చాయి. షోరూంలో ధర చూసి టెస్లాను తిట్టుకున్నవాళ్లు అందులో మూడో వంతుకు పైగా ఎవరి ఖజానాకు వెళ్లిందో చూసుకోలేదు.

15కీ 35కీ మధ్య ఉన్న ఆ గీత ఎంత బలమైందంటే, అది ఏకంగా కొత్త పనిని పుట్టించింది. బీఎండబ్ల్యూ ఇంజిన్లను చెన్నై దగ్గర, మెర్సిడెస్ ఇంజిన్లను పుణె దగ్గర బిగించి ఇచ్చేది ఫోర్స్ మోటార్స్. అవును, మన ఊళ్లలో జనాన్ని కిక్కిరిసి ఎక్కించుకుని తిరిగిన ట్రాక్స్ జీపుల కంపెనీయే! కోటి రూపాయల జర్మన్ కారు బానెట్ కింద ఉన్న ఇంజిన్‌ను బిగించింది ఆ కంపెనీ కార్మికులు. జర్మనీ ఇంజినీర్లకు ఆ అవసరం లేదు. సుంకం పట్టికకు ఉంది.

గీత ఉన్నచోట తగాదా తప్పదు. స్కోడా ఆటో ఫోక్స్‌వ్యాగన్ ఇండియాకు 2024 సెప్టెంబరులో 140 కోట్ల డాలర్ల పన్ను నోటీసు వెళ్లింది. దాదాపు మొత్తం కారును వేర్వేరు సరకులుగా విడగొట్టి, వేర్వేరు రోజుల్లో తెప్పించి, కిట్‌కు కట్టాల్సిన 30-35 శాతం బదులు విడిభాగాలకు వర్తించే 5-15 శాతమే కట్టారన్నది అధికారుల అభియోగం. కంపెనీ ఒప్పుకోలేదు, బాంబే హైకోర్టుకెక్కింది. కార్నివాల్ కారు భాగాల విషయంలో కియాకూ 15.5 కోట్ల డాలర్ల నోటీసు వచ్చిందని ఆ తర్వాత బయటపడింది. తాము నిబంధనల ప్రకారమే నడిచామన్నది కియా జవాబు. ఎవరిది ఒప్పో తేల్చాల్సింది న్యాయస్థానాలు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం వివాదంలోని ప్రశ్న. ఎన్ని పెట్టెలు కలిస్తే ఒక కారు అవుతుంది?

కోడి తెచ్చిన తంటా

ఇలాంటి ప్రశ్నలకు అమెరికాలో అరవై ఏళ్ల చరిత్ర ఉంది. దాని మూలం కోడి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఫారాల్లో కోళ్లు విపరీతంగా పెరిగాయి. చవకైన ఆ మాంసం పశ్చిమ జర్మనీని ముంచెత్తింది. అక్కడి రైతులు గగ్గోలు పెడితే, 1962లో ఐరోపా ఉమ్మడి మార్కెట్ కోడి మాంసంపై సుంకం పెంచింది. 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులు తీర్చుకున్నాడు. బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులపై 25 శాతం వడ్డించాడు. ట్రక్కులపై పెట్టడంలో అసలు గురి జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల మీద. పిండి, బ్రాందీ కాలక్రమంలో బయటపడ్డాయి. కోడి తగువు ఎందుకొచ్చిందో జనం మరచిపోయారు. ట్రక్కుల మీది 25 శాతం అలాగే నిలిచిపోయింది. దాన్ని నేటికీ ‘చికెన్ ట్యాక్స్’ అనే పిలుస్తారు.

ఆ పన్నును తప్పించుకోవడానికి కంపెనీలు పడిన పాట్లు చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు. జపాన్ సుబారు కంపెనీ 1978లో బ్రాట్ అనే చిన్న ట్రక్కు తెచ్చింది. సామాను వేసుకునే తొట్టిలో, వెనక్కి తిరిగి కూర్చునేలా రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించింది. సీటుంటే అది ప్రయాణికుల కారే కదా, సుంకం చాలా తక్కువే కదా! మెర్సిడెస్ వ్యాన్లను జర్మనీలో పూర్తిగా తయారుచేసి, మళ్లీ ఊడదీసి, ఓడెక్కించి, సౌత్ కరోలినాలో తిరిగి బిగించేవారు. కట్టిన ఇల్లు కూల్చి, అవే ఇటుకలతో పక్క ఊళ్లో మళ్లీ కట్టినట్టు.

అందరినీ మించినది ఫోర్డ్. తుర్కియేలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లు వెనక సీట్లతో, అద్దాల కిటికీలతో బాల్టిమోర్ రేవులో దిగేవి. కస్టమ్స్ దాటగానే సీట్లు పీకేసి, వెనక కిటికీల్లో అద్దాలకు బదులు రేకులు బిగించి, సామాన్ల వ్యాన్లుగా అమ్మేవారు. అది నిలవదని 2019లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. చివరికి 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అమెరికా కంపెనీని కాపాడుతున్న గోడను అమెరికా కంపెనీయే దొంగచాటుగా దూకడం ఈ కథలో కొసమెరుపు.

గోడల వల్ల ఫ్యాక్టరీలు రావా అంటే, వస్తాయి. 1981లో అమెరికా ఒత్తిడికి తలొగ్గి జపాన్ తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకుంది. మరుసటి ఏడాదే ఒహాయో రాష్ట్రం మేరీస్‌విల్‌లో హోండా కారు తయారైంది. తర్వాత టెనెసీలో నిస్సాన్, కెంటకీలో టయోటా. పెనుకొండకు కియా రావడంలోనూ ఇదే సూత్రం. అమ్మకాలు లక్షల్లో ఉంటాయనుకున్నచోట గోడ బయట నిలబడటం కన్నా లోపలికొచ్చి ఇల్లు కట్టుకోవడమే లాభం. వందల్లో అమ్ముడయ్యే ఈవీ6 కోసం కొత్త లైను వేయడం దండగ, సుంకం కట్టి తేవడమే నయం. సెల్టోస్‌కు ఒక న్యాయం, ఈవీ6కు ఒక న్యాయం ఎందుకన్నదానికి జవాబు ఇదే. గోడ ఎత్తు ఒక్కటే చూసి ఎవరూ ఫ్యాక్టరీ పెట్టరు, గోడ లోపల సంత ఎంతుందో కూడా చూస్తారు.

ఈ సంగతి మన ప్రభుత్వానికి తెలియక కాదు. 2024 మార్చిలో గోడకు ఒక గుమ్మం పెట్టింది. 4,150 కోట్ల రూపాయలు పెట్టుబడి పెట్టి మూడేళ్లలో ఇక్కడ తయారీ మొదలుపెడతామంటే, ఏడాదికి 8 వేల విద్యుత్ కార్ల దాకా 15 శాతం సుంకంతోనే తెచ్చుకోవచ్చంది. ఆ గుమ్మం ఎవరికోసమో అందరికీ తెలుసు. టెస్లాకు షోరూంలు తెరవడం మీదే తప్ప ఇక్కడ తయారీ మీద ఆసక్తి లేదని 2025 జూన్‌లో కేంద్ర మంత్రి కుమారస్వామే చెప్పారు.

సుంకరి దగ్గర కష్టసుఖాలు

సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని సామెత. 2025 ఏప్రిల్ 3న విదేశీ కార్లపై ట్రంప్ 25 శాతం అదనపు సుంకం వేసినప్పుడు టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ పరిస్థితి అదే. అమెరికా దానికి ప్రాణాధారమైన మార్కెట్, అక్కడ ఒక్క ఫ్యాక్టరీ లేదు. ఏప్రిల్‌లో ఎగుమతులే ఆపేసింది. తర్వాత బ్రిటన్ ఒప్పందం చేసుకుని ఏడాదికి లక్ష కార్ల వరకు 10 శాతానికి తగ్గించుకుంది. కానీ డిఫెండర్ తయారయ్యేది స్లొవేకియాలోని నిత్రాలో. అది ఐరోపా సమాఖ్య లెక్కలోకి వెళ్లి 15 శాతం దగ్గర ఆగింది. ఒకే కంపెనీ, ఒకే షోరూం, ఫ్యాక్టరీ చిరునామాను బట్టి రెండు సుంకాలు. జనరల్ మోటార్స్‌కు సొంత దేశంలో ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి 400 కోట్ల డాలర్లు ప్రకటించి, మెక్సికోలో తయారవుతున్న బ్లేజర్‌ను టెనెసీకి తరలిస్తానంది. అదీ 2027లో. ఆదేశం మీద సంతకానికి నిమిషం చాలు, లైను మార్చడానికి రెండేళ్లు కావాలి.

అదే జాగ్వార్ ల్యాండ్ రోవర్ మనదేశంలో ఏం చేసిందో చూస్తే తమాషాగా ఉంటుంది. 2024లో తొలిసారి బ్రిటన్ బయట, పుణెలో రేంజ్ రోవర్ బిగింపు మొదలుపెట్టింది. ధర దాదాపు 20 శాతం తగ్గింది. ఏడాది తిరిగేసరికి, 2025 జులై 24న భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలయ్యాయి. పరిమిత సంఖ్యలో బ్రిటిష్ కార్లపై సుంకం క్రమంగా 10 శాతానికి దిగుతుంది. 2026 జనవరిలో ఐరోపా సమాఖ్యతోనూ చర్చలు ముగిశాయి. ఏడాదికి రెండున్నర లక్షల కార్ల పరిమితితో 110 శాతం మెల్లగా 10కి తగ్గుతుంది. పూర్తి కారుకు 10, కిట్‌కు 15 అయిన రోజున పెట్టెలు విప్పి బిగించే పని ఎవరికి కావాలి?

భయమంతా సెల్టోస్ లాంటి కార్లు తయారుచేసే ఫ్యాక్టరీల గురించి కాదు. లక్షల సంఖ్యలో, ఇక్కడి విడిభాగాలతో తయారయ్యేవాటికి ఢోకా లేదు. సుంకంలో తేడా మీదే బతికే బిగింపు లైన్ల గురించే నా అనుమానం. వాటిలో పనిచేసేవాళ్లకు ఈ ఒప్పందాల్లో ఏ ఏడాది ఎంత తగ్గుతుందో ముందే తెలియాలి. ఆ పట్టికను తెలుగులో, తమిళంలో, మరాఠీలో అచ్చువేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టమని వాణిజ్య శాఖను అడగడం అత్యాశ కాదనుకుంటాను. కారు కొనబోయేవారికి ఒక మాట. డిస్కౌంటు ఎంతని అడిగే ముందు, బండి ఓడలో నేరుగా వచ్చిందా, పెట్టెల్లో వచ్చిందా, ఇక్కడే తయారైందా అని సేల్స్ కుర్రాణ్ని అడిగి చూడండి.