వార్తల్లో పదం: డీరిజిస్ట్రేషన్

ఇంట్లోని స్మార్ట్ కెమెరా, స్పీకర్, తలుపు తాళం వంటి పరికరం చేతులు మారేటప్పుడు, దానికీ పాత యజమాని ఆన్‌లైన్ ఖాతాకూ మధ్య తయారీ సంస్థ సర్వర్‌లో నమోదై ఉన్న బంధాన్ని తెంచివేయడమే డీరిజిస్ట్రేషన్. బొత్తాన్ని నొక్కిపట్టి పరికరాన్ని కొన్ననాటి స్థితికి తెచ్చే ఫ్యాక్టరీ రీసెట్‌తోనే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు గానీ, అది చెరిపేది పరికరంలో నిల్వ ఉన్న వై-ఫై పాస్‌వర్డ్ వంటి వివరాలనే. కొన్ని పరికరాల విషయంలో ఖాతాలోని నమోదు అలాగే మిగిలిపోయి, కొన్నవారికి ఆ పరికరం వేరొకరి పేరిట ఉందన్న సందేశమే ఎదురవుతుంది.

ఇంతకన్నా ఆందోళనకరమైన సంగతి 2019లో బయటపడింది: నెస్ట్ ఇండోర్ కెమెరాను రీసెట్ చేసి అమ్మేసిన తరువాత కూడా, దానిని అంతకుముందు వింక్ అనే మరో సంస్థ సేవతో కలిపి ఉంచినందువల్ల, కొత్తవారి ఇంటి లోపలి చిత్రాలు పాత యజమానికి కనిపించాయి. నెస్ట్ మాతృసంస్థ గూగుల్ ఆ లోపాన్ని సరిదిద్దింది. అయినా ఒకరి పడకగది మరొకరి ఫోన్‌లో కనిపించే అవకాశం ఏర్పడడమే తీవ్రమైన విషయం.

అందుచేత అమ్మేవారు ముందుగా యాప్‌లో పరికరాన్ని ఖాతా నుంచి తొలగించి, అనుసంధానించిన ఇతర సేవలను విడదీసి, మెమరీ కార్డు ఉంటే తీసివేసి, ఆ పిమ్మటే రీసెట్ చేయాలి. ఉదాహరణకు, అమెజాన్ ఎకో స్పీకర్‌కు అలెక్సా యాప్‌లో డీరిజిస్టర్ అనే మీటే ఉంది.