ట్రాలీ టైరులో గాలి తగ్గితే చెప్పేదెవరు?

వేసవిలో మా రాయదుర్గం ప్రాంతంలో చాలామంది చెప్పే మాట ఒకటుంది. "ఎండలు ముదిరాయి, టైర్లకు గాలి కాస్త తక్కువ కొట్టించాలి. లేకుంటే గాలి వేడెక్కి టైరు పగులుతుంది" అని. ఇది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

ఉదయం 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక కారు టైరులో గేజీ 30 పౌండ్లు చూపిందనుకోండి. అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్ల పీడనం. వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో అంతే గేజీ చూపుతుంది. వాతావరణ పీడనం సుమారు 15 పౌండ్లు కలిపితే అసలు పీడనం 45. పరమ ఉష్ణోగ్రత 27 + 273 = 300. మధ్యాహ్నం పరుగులో టైరులోని గాలి 57 డిగ్రీలకు, అంటే 330కి చేరింది. ఘనపరిమాణం మారకపోతే పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది కదా! 45 × 330 ÷ 300 = 49.5. అందులోనుంచి 15 తీసివేస్తే గేజీ 34.5 చూపుతుంది.

ఈ పాటి పెరుగుదలను తట్టుకునేలాగే టైర్లు తయారుచేస్తారు. అసలు ప్రమాదం గాలి తగ్గినప్పుడే. చక్రం తిరిగే ప్రతిసారీ నేలకు ఆనిన చోట టైరు నలిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఒక ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంచిన చోట వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. టైరులోనూ అంతే. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. లోపలి పొరలు బలహీనపడి చివరకు పగులుతుంది.

ముందు చక్రంలో గాలి పోతే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. కాని ట్రాక్టరు వెనుక వేరుశనగ బస్తాలతో వచ్చే ట్రాలీ సంగతి వేరు. దాని టైరు మెత్తబడినా, ఇంజను మోతలో ముందు కూర్చున్నవారికి తెలియదు. తెలిసేసరికి బరువంతా ఒక పక్కకు ఒరిగి, ట్రాలీ బోల్తా పడవచ్చు.

అమెరికాలో కొందరు వంటగది, పడకలు ఉన్న ఇల్లువంటి బండిలో విహారానికి పోతూ, వెనుక ఒక చిన్న కారును కట్టుకుని లాగుతారు. వారికీ ఇదే చిక్కు. అందుకే ప్రతి చక్రానికీ ఒక చిన్న పరికరం బిగిస్తారు. గాలి పీడనం మారితే దానిలోని విద్యుత్ సంకేతం మారుతుంది. ఆ సంకేతం రేడియో తరంగాలుగా డ్రైవరు ముందున్న తెరను చేరుతుంది. బండ్ల వరుస పొడవుగా ఉంటే, సంకేతాన్ని అందుకుని బలపరిచి పంపే మరో పరికరాన్ని మధ్యలో అమర్చుతారు. 1986లో పోర్షే 959 అనే కారులో టైరు పీడనాన్ని కనిపెట్టే ఏర్పాటు వచ్చింది. నేడు మన దేశంలోని అనేక కార్లలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది.

మన ట్రాలీకి ఆ పరికరం లేకపోయినా గేజీ ఉంటే చాలు. బండి కదలక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు, ట్రాలీ చక్రాలను కూడా మరచిపోకుండా చూడాలి. కంపెనీ చెప్పిన పీడనం ఉండాలి. వేడి టైరు నుంచి మాత్రం గాలి తీయరాదు. పై ఉదాహరణలో మధ్యాహ్నం గాలి తీసి 30కి దించితే, మళ్లీ 27 డిగ్రీలకు చల్లారాక గేజీ సుమారు 26 మాత్రమే చూపుతుంది!

ఇక మీకొక లెక్క. ఉదయం 30 చూపిన టైరు, గాలి తీయకుండానే, చలికాలపు తెల్లవారుజామున 17 డిగ్రీలకు చల్లబడితే గేజీ ఎంత చూపుతుంది?