ఎముకతో కలిసిపోయే లోహము

నెల్లూరుకు తూర్పున మైపాడు ఒడ్డున, గాలివాన వెలసిన మరునాడు నడిచినవారు చూచియే ఉందురు: అల వెనుకకు పోయిన చోట ఇసుకమీద నల్లని చారలు మిగిలి ఉంటవి. అది మురికి కాదు. మామూలు ఇసుకరేణువు నీటికంటె సుమారు 2.65 రెట్లు బరువు. ఆ నల్లని వాటిలో ఒకటైన ఇల్మెనైటు రేణువు 4.7 రెట్లు బరువు. అల తేలిక రేణువులను ఈడ్చుకొనిపోయి బరువైనవాటిని వదలిపెట్టును. చేటతో బియ్యము చెరిగినప్పుడు ఊక ఎగిరిపోయి గింజ నిలుచుట వంటిదే ఇది.

ఒక పర్యాయము మా విద్యార్థులను అక్కడకు తీసికొనిపోయి, పాత స్పీకరునుండి ఊడదీసిన అయస్కాంతమును కాగితములో చుట్టి ఆ చారమీద ఆడించినాను. కొన్ని రేణువులు ఎగిరి అంటుకొన్నవి. అవి మాగ్నటైటు, అంటే ఇనుప ఖనిజము. ఇల్మెనైటు అంత సులువుగా రాదు. ఇంకను బలమైన అయస్కాంతము కావలెను. ఇల్మెనైటులో ఇనుముతోపాటు టైటేనియం అను లోహము ఉన్నదని చెప్పుచుండగా ఒక కుర్రవాడు అడిగినాడు: “సార్, మా నాయనకు దవడలో పెట్టిన మేకు కూడా టైటేనియమేనంట. అది ఎముకను పట్టుకుంటాదా, ఎముకే దాన్ని పట్టుకుంటాదా?”

ఇంత మంచి ప్రశ్న తరగతిలో నాకు ఎన్నడును ఎదురుకాలేదు. ఒడ్డున నేను చెప్పిన జవాబు సగమే. తక్కిన సగము ఇక్కడ వ్రాయుచున్నాను.

ఈ లోహము కథ నల్ల ఇసుకతోనే మొదలైనది. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అను మతగురువు ఒక వాగులోని నల్ల ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకు తెలియని లోహము ఉన్నదని కనిపెట్టినాడు. 1795లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ దానికి టైటేనియం అని పేరు పెట్టినాడు. ఖనిజమునుండి లోహమును విడదీయుట మాత్రము చాల కష్టము. మన దేశములో కేరళలోని చవరలో టైటేనియం స్పంజి కర్మాగారము 2011లో మొదలైనది. దాని సాంకేతిక విధానము హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలది. 1973లో స్థాపించిన మిధాని సంస్థ హైదరాబాదులోనే టైటేనియం మిశ్రలోహములను తయారుచేయుచున్నది. 2022 వరకు మన జిల్లాలో ఉన్న శ్రీహరికోటనుండి లేచు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగవ అంచెలోని ఇంధనపు తొట్టెలు ఈ లోహమువే. రాకెట్టుకు కావలసినది తేలికదనము, బలము. దవడకు కావలసినది వేరు.

అది ఏమిటో తెలిసినది అనుకోకుండా. 1952 ప్రాంతములో స్వీడన్ దేశమున బ్రోనెమార్క్ అను వైద్యుడు కుందేలు కాలి ఎముకలో టైటేనియం గొట్టము అమర్చి, దానిగుండా రక్తప్రసారమును సూక్ష్మదర్శినితో చూచుచుండెను. పని ముగిసిన తరువాత గొట్టమును తీయబోతే అది రాలేదు. ఎముక దానితో ఏకమైపోయినది. ఇతరులు విసుగుకొని వదలివేయు సంగతి ఇది. ఆయన వదలలేదు. 1965లో గోస్టా లార్సన్ అను వ్యక్తి దవడలో మొదటిసారిగా టైటేనియం మరమేకులు అమర్చినాడు. లార్సన్ 2006లో మరణించువరకు అవి పనిచేసినవి.

ఇప్పుడు కుర్రవాని ప్రశ్నకు వద్దాము. ఎముక టైటేనియంను పట్టుకొనునా? నిజమునకు ఎముకలోని కణము టైటేనియంను ఎన్నడును తాకదు! కోసిన లోహము గాలి తగిలిన క్షణములోనే ఆక్సిజన్‌తో (మన పాత పుస్తకములలోని ఆమ్లజనితో) కలిసి పైన ఒక పొరను ఏర్పరచుకొనును. దాని మందము కొద్ది నానోమీటర్లు మాత్రమే. మన తలవెంట్రుక మందము అటువంటి పొరలు పదివేలు పేర్చినదానికంటె ఎక్కువ. ఇనుము తుప్పు పెచ్చులుగా రాలిపోవును. ఈ పొర రాలదు, గీసినను వెంటనే మరల ఏర్పడును. శరీరము చూచునది ఈ చర్మమునే, లోని లోహమును కాదు.

ఆ చర్మము మీదనైనను కణము నేరుగా కూర్చుండదు. తీరములో పడవలున్న వారికి ఇది చెప్పనక్కరలేదు: క్రొత్త పడవను నీటిలో దించగానే అడుగున గుల్లలు అంటవు. ముందు కంటికి కనబడని జిగురుపొర, తరువాత సూక్ష్మజీవులు, ఆ పిమ్మటనే గుల్లలు. ఎముకలో మేకు దిగగానే జరుగునదియు అంతే. మొదట నీటి అణువులు, లవణముల అయాన్లు. క్షణములలో రక్తములోని ఫైబ్రినోజన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు. కణము వచ్చి ఈ ప్రోటీన్లను తన పైపొరలోని ఇంటెగ్రిన్లు అను కొక్కెములతో పట్టుకొనును. ప్రోటీను ఉపరితలముమీద ఏ భంగిమలో పడినదో, దాని పట్టుచోటు పైకి ఉన్నదో క్రిందికి ఉన్నదో, దానిని బట్టి కొక్కెము తగులును లేదా జారును. ఇంప్లాంటు ఉపరితలమును రకరకములుగా సంస్కరించుటలోని రహస్యము చాలవరకు ఇక్కడనే ఉన్నది.

అందులో పేరుపొందిన పద్ధతి ఒకటి చూడుడు. మరమేకుమీద అల్యూమినా పలుకులను గాలివత్తిడితో కొట్టుదురు. తరువాత హైడ్రోక్లోరికామ్లము, గంధకామ్లము కలిపిన వేడి ద్రావణములో ముంచుదురు. పలుకుల దెబ్బకు పెద్ద గుంటలు, ఆమ్లము వలన ఆ గుంటలలో చిన్న గుంటలు ఏర్పడును. మొత్తముమీద ఎగుడుదిగుడు ఒకటి రెండు మైక్రాన్లు. ఎముకకణము వెడల్పు ఇరువది మైక్రాన్ల వరకు ఉండును కనుక, దానికి ఇది మిట్టపల్లముల నేలవంటిది. 1991లో బ్యూసర్, ఆయన తోటివారు చిన్నజాతి పందుల ఎముకలలో పరీక్షించగా, నునుపు చేసిన టైటేనియంమీద 20 నుండి 25 శాతము మేర మాత్రమే ఎముక ఆనుకొన్నది. ఈ గరుకు మేకులమీద 50 నుండి 60 శాతము ఆనుకొన్నది.

గరుకుతనము వలన పట్టు పెరుగునని మేస్త్రీ కూడ చెప్పగలడు. సిమెంటు పూయుటకు ముందు గోడను గాట్లు పెట్టుట అందుకే. కాని కణముల విషయములో ఇది పూతవంటి పట్టు మాత్రమే కాదు. మానవ ఎముకకణములవంటి వాటిని గాజుపాత్రలలో పెంచి చూచినప్పుడు వింత కనబడినది. నునుపు తలముమీద కణములు వేగముగా విభజన చెంది సంఖ్యలో పెరిగినవి. గరుకు తలముమీద సంఖ్య తక్కువ. అయితే ఒక్కొక్క కణము ముదిరి, ఎముకను కట్టుటకు కావలసిన ఆల్కలైన్ ఫాస్ఫటేజు, ఆస్టియోకాల్సిన్ అను పదార్థములను ఎక్కువగా చేసినది. సంతానము తక్కువ, సంపాదన ఎక్కువ అన్నమాట. కణము తన లోపలి ఆక్టిన్ త్రాళ్లను బిగించి నేలను లాగి చూచును. ఆ లాగుట ఎట్లున్నదో కేంద్రకమునకు చేరును. అక్కడ ఏ జన్యువు పనిచేయవలెనో దానిని బట్టి మారును. స్పర్శ రసాయనిక ఆజ్ఞగా మారుట అద్భుతము కాదా?

ఇంకను సూక్ష్మమునకు పోయినారు. టైటేనియంను ఫ్లోరైడు కలిసిన ద్రావణములో ముంచి విద్యుత్తు ప్రసరింపజేసిన, ఆక్సైడు పొర తేనెపట్టువలె సన్నని గొట్టములుగా పెరుగును. 2007లో ఒక జట్టు 15 నానోమీటర్ల గొట్టములమీద మూలకణములు బాగుగా అంటుకొనునని, 100 నానోమీటర్ల వాటిమీద చచ్చిపోవునని ప్రకటించినది. 2009లో మరొక జట్టు పెద్ద గొట్టములమీదనే కణములు పొడవుగా సాగి ఎముకకణములుగా మారునని చూపినది. గొట్టముల స్ఫటికరూపము, శుభ్రపరచిన విధము మారినను ఫలితము మారును. పాఠ్యపుస్తకములలో ఇటువంటి తగవులు కనబడవు, అది లోటే.

ఫ్లోరైడు అనగానే మన ప్రాంతమువారు ఉలిక్కిపడుట సహజము. ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశములో మొదట గుర్తింపబడినది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలోనే. 1937లో షార్ట్, ఆయన తోటివారు దానిని ప్రకటించినారు. బావినీటి ఫ్లోరైడు టైటేనియం పొరను తినివేయునా అని మీరు అడుగవచ్చును. ఆమ్లము, ఫ్లోరైడు రెండును గాఢముగా కలిసినప్పుడే ఆ పొర కరుగును. లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు ఉన్న నీటికి అంత శక్తి లేదు. ఎముకకు మాత్రము ఆ కొద్దియే, ఏండ్ల తరబడి త్రాగినచో, చేటు. ఇందుకు విరుద్ధముగా, మేకును పలుచని హైడ్రోఫ్లోరికామ్లముతో సంస్కరించి, పైన లేశమాత్రము ఫ్లోరైడు నిలిపి, ఎముక పట్టును పెంచు ఇంప్లాంట్లును ఉన్నవి. మోతాదు, చోటు మారగానే అదే మూలకము గుణము మారినది.

గరుకుతనము ఎంత ఎక్కువైన అంత మంచిదా? కాదు. మిట్టపల్లములు ఎముకకణములకే కాదు, నోటిలోని బాక్టీరియాకు కూడ ఇష్టమే. గుంటలలో దాగిన బాక్టీరియాను కుంచె తొలగింపలేదు. అవి చేరిన చిగురు వాచి, ఎముక క్రమముగా కరగి, బాగుగా కుదిరిన మేకు కూడ కొన్నేండ్ల తరువాత కదలవచ్చును. అందువలన పెక్కు ఇంప్లాంట్లలో ఎముకలో ఉండు భాగమును గరుకుగా, చిగురును దాటి వచ్చు మెడను నునుపుగా చేయుదురు. ఒకే వేలెడు మేకుమీద రెండు రకముల చర్మము! పొగాకు నమలువారికి, చుట్ట కాల్చువారికి ఈ ముప్పు ఎక్కువ.

మరి ఎన్నాళ్లు ఆగవలెను? బ్రోనెమార్క్ నాటి నునుపు మేకులకు క్రింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగెడివారు. గరుకు మేకులకు, ఎముక గట్టిగా ఉన్నచో, ఆరు వారములకు తగ్గినది. రోగి ఊరకుండలేక ముందే నమిలిన ఏమగును? మేకు ఎముకలో సుమారు 150 మైక్రాన్లు, అనగా రెండు వెంట్రుకల మందము, అటుఇటు కదిలిన చాలును. ఎముకకు బదులు మెత్తని నారకణజాలము చుట్టుకొనును. అది ఎన్నటికిని ఎముక కాదు. పైనున్న సంస్కారమంతయు వ్యర్థము.

ఈ లెక్కలన్నియు తరువాత ఒకనాడు ఆ కుర్రవానికి చెప్పినాను. వాడు విని, “అందుకేనా సార్, డాక్టరు గారు మేకును చిన్న పనిముట్టుతో తట్టి చెవి పెట్టి విన్నది?” అన్నాడు. అందుకే. ఎముక పట్టిన మేకు ఖంగుమని మోగును. నారపొరలో ఉన్నది బొద్దుగా పలుకును. వాళ్ల నాయన మేకు మోగినదట.