గంగమ్మ వేషం కట్టే ఊరు

మే నెలలో కొండమీది స్వామి కోసం తిరుపతిలో దిగే యాత్రికులకు వీధుల్లో వింత దృశ్యాలు ఎదురవుతాయి. ఒంటినిండా బొగ్గు పూసుకుని వేపమండలు చుట్టుకున్న కుర్రాళ్లు, చీరకట్టి జడలో పూలు తురుముకున్న మీసాల మగవాళ్లు, వాళ్ల చంకల్లో అవే వేషాలతో పసిపిల్లలు. అది తాతయ్యగుంట గంగమ్మ జాతర. 2024 డిసెంబరులో విడుదలైన 'పుష్ప 2'లో అల్లు అర్జున్ కట్టిన చీర, వేసుకున్న నిమ్మకాయల దండ ఈ జాతరవే. ఆ వేషం వెనక ఉన్న కథ మాత్రం తిరుపతి చుట్టుపక్కలు దాటితే చాలామందికి తెలియదు.

గంగమ్మ పుట్టినూరు తిరుపతిని ఆనుకుని ఉన్న అవిలాల. నేతవృత్తి చేసిన కైకాల కులస్థులు ఆమెను తమ ఇంటి ఆడపడుచుగా చెప్పుకుంటారు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన పాలెగాడు కొత్త పెళ్లికూతుళ్లు ముందు తన దగ్గరికే రావాలని శాసించాడట. వాడి కన్ను గంగమ్మ మీద కూడా పడింది. ఆమె నిజరూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. రోజుకొక వేషంతో ఆమె ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో వస్తే, వచ్చింది తన దొరేననుకుని వాడు బయటపడ్డాడు. అక్కడే వాడి తల తెగింది.

కథలోని పాలెగాడికి పేరు లేదు. పాలెగాళ్ల పెత్తనం మాత్రం చరిత్రే. విజయనగరం కాలం నుంచి రాయలసీమ పల్లెలు వాళ్ల చేతికింద నలిగాయి. 1801లో చిత్తూరు ప్రాంతం కుంఫిణీ చేతికి వచ్చాక అక్కడి పాలెగాళ్లు 1804-05లో తిరగబడి అణగిపోయారు. వాళ్ల కోటల కంటే, వాళ్లలో ఒకడిని ఒక ఆడపిల్ల నరికిందన్న కథే జనానికి ఎక్కువ గుర్తుంది.

జాతర మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. అవిలాల పెద్దలు పుట్టింటి సారె తెస్తారు. గంగమ్మను శ్రీనివాసుడి చెల్లెలిగా భావిస్తారు గనుక తిరుమల నుంచీ సారె వస్తుంది. చాటింపు అయ్యాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి గడపరు. ఆ తర్వాత బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, ఇలా వేషాలు సాగుతాయి. బైరాగికి ఒళ్లంతా తెల్ల సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు. బండ, తోటి వేషగాళ్లు బూతులు తిట్టినా ఎవరూ కోపగించుకోరు. పాలెగాణ్ణి రెచ్చగొట్టి బయటికి లాగడానికే ఆ తిట్లని నమ్మకం. పాలెగాడు చచ్చాక అతని భార్యను ఓదార్చడానికి వెళ్లిందే మాతంగి వేషమని ఒక కథనం. శత్రువు పెళ్లాం ఏడుపును కూడా పట్టించుకున్న అమ్మవారు ఈమె!

ప్రధాన వేషాలు కట్టే హక్కు కైకాల కుటుంబాలది. మిగతా మగవాళ్లు మొక్కుకొద్దీ కడతారు. ఆడవాళ్లు పొంగళ్లు పెడతారు, పసుపు పూసుకుంటారు, వేషం మాత్రం కట్టరు. తిరుపతిలో ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో ఈ జాతరపై పుస్తకం తెచ్చిన అమెరికన్ పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్ దీనికి చెప్పిన కారణం ఆలోచింపజేస్తుంది: శక్తి ఆడవాళ్లలో ముందే ఉంది, వేషం వేసుకోవాల్సింది మగవాళ్లే.

చివరి రాత్రి గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. బుధవారం తెల్లవారుజామున ఆ విగ్రహం చెంప నరికాక, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు.

ఈసారి మే నెలలో తిరుపతి వెళ్లేవాళ్లు దర్శనం టికెట్టుతో పాటు తాతయ్యగుంటకూ ఒక పూట కేటాయించుకోవాలి. వేషగాళ్లతో సెల్ఫీ దిగే ముందు, ఆ వేషం ఏమిటో వాళ్లనే అడగండి. చెబుతారు.